మా బిడ్డకు నీళ్లు పోసిన అవ్వ: పెట్టుకునే ముందు మాట్లాడుకోవాల్సినవి

వడ్డేపల్లిలో మా అమ్మవాళ్లింటికి వచ్చి మూడు నెలలు నాకూ మా బిడ్డకూ నీళ్లు పోసిన అవ్వ గురించి రాస్తున్నాను. ఆమె పేరు పెట్టడం లేదు. ఇలాంటి అవ్వలు హన్మకొండ, కాజీపేట, హసన్‌పర్తి వైపు ఇంకా ఉన్నారు, వాడలో పెద్దవాళ్లను అడిగితే ఇల్లు చూపిస్తారు. కడుపుతో ఉన్న నా దోస్తులు "మనిషిని పెట్టుకోవాలా, ఇంట్లోవాళ్లమే పోసుకోవాలా" అని అడుగుతున్నారు. పెట్టుకోండి అనే చెబుతాను. ఆ చేతులకు ఎంతిచ్చినా తక్కువే. కాకపోతే నూనె, నీళ్లు, తువాల వరకే ఆమె పని అనీ, బిడ్డ నోట్లో, ముక్కులో, కంట్లో ఏదీ పడకూడదనీ మొదటిరోజే మాట్లాడుకోవాలి. ఆ ఒక్క మాట కుదిరితే బాలింతకు ఇంతకంటే పెద్ద సాయం దొరకదు.

మేమిచ్చింది తల్లీబిడ్డలిద్దరికీ కలిపి రోజుకు 200. బిడ్డకొక్కదానికే అయితే 100 తీసుకుంటుంది. పురుడు నాడు చీర, రైక బట్ట, ఒళ్లో బియ్యం పెట్టాం. చాయ్ ఇస్తే తాగుతుంది, అన్నం మాత్రం ఇంటికి పోయే తింటుంది. సామాను ఏదీ తెచ్చుకోదు. పీట, రెండు బకెట్లు, చెంబు, నూనె, పాత నూలు బట్టలు మనమే సిద్ధం పెట్టాలి. మా తమ్ముడు హన్మకొండ చౌరస్తాలో కొనుక్కొచ్చిన ప్లాస్టిక్ టబ్బు అలాగే ఉండిపోయింది. ఆమెను పెట్టుకునేవాళ్లు టబ్బుకు డబ్బు పెట్టక్కర్లేదు. బొచ్చు తువాల కూడా పక్కన పెట్టించి మా అమ్మమ్మ పాత చీర చింపించింది. నీళ్లు పీల్చుకోవడంలోనూ, బిడ్డ ఒంటికి గీరుకోకపోవడంలోనూ ఆ చీర ముక్కలే నయం.

వయసులో ఉన్నప్పుడు పరకాల దగ్గరి తన ఊళ్లో ఆమె కాన్పులు చేసేదట. ఇప్పుడు ఇంట్లో కాన్పు ఎక్కడుంది? 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే లెక్క ప్రకారం తెలంగాణలో నూటికి 97 కాన్పులు దవాఖానల్లోనే అయ్యాయి, మొత్తం మీద నూటికి 60కి పైగా ఆపరేషన్లే. మంత్రసాని పని పోయి నీళ్లు పోసే పని మిగిలింది. ఇది మనసులో పెట్టుకుంటే ఆమెతో మాట్లాడటం తేలికవుతుంది. పసిబిడ్డను పట్టుకోవడం, తడపడం, తుడవడం ఆమెకు తెలిసినంత మనకు తెలియదు. ఆపరేషన్ కుట్లు, టీకాలు ఆమె నేర్చుకున్న కాలంలోవి కావు. అక్కడ డాక్టరమ్మ మాట, ఆశమ్మ మాట నడవాలి.

ముందు ఆమె పని ఎలా ఉంటుందో చెప్పాలి, ఎందుకంటే డబ్బు ఇచ్చేది దానికే. మా బిడ్డ డిసెంబర్‌లో పుట్టింది. తెల్లారగట్ల నీళ్లు పోయడానికి ఆమె ఒప్పుకోలేదు. "ఎండ గోడ దిగినంక పోస్త బిడ్డా" అనేది. వెనుక వాకిట్లో గాలి తగలని మూల చూసుకుని పీట వేసుకుంటుంది. చీర మోకాళ్ల దాకా దోపి, రెండు కాళ్లూ చాపి దగ్గరికి చేరుస్తుంది. ఆ రెండు పిక్కల నడుమ ఏర్పడిన పల్లంలో బిడ్డ వెల్లకిలా సరిగ్గా ఇముడుతుంది, తల ఆమె మడమల దగ్గర, కాళ్లు ఆమె వైపు. నేను చూసి భయపడింది ఆ మొదటి క్షణమే. ఒక్కసారి పడుకోబెట్టాక బిడ్డ అటూ ఇటూ జారదు, ఆమెకు రెండు చేతులూ ఖాళీ అవుతాయి. మనం బాత్రూమ్‌లో ఒక చేత్తో మెడ పట్టుకుని, ఇంకో చేత్తో మగ్గు ముంచుకుంటూ పడే అవస్థ అక్కడ ఉండదు.

నూనె నేరుగా ఒంటిమీద పోయదు. అరచేతుల్లో వేసుకుని రుద్ది, చేతులు వెచ్చబడ్డాకే బిడ్డను ముట్టుకుంటుంది. రొమ్ము మీద నడుమ నుంచి పక్కలకు, తొడ నుంచి పాదం దాకా, ఆ తర్వాత బోర్లా తిప్పి వీపు మీద. కుడిచెయ్యి, ఎడమకాలు మెల్లగా దగ్గరికి తెచ్చి వదులుతుంది, మళ్లీ ఆ పక్క. బిడ్డ మొహం ముడుచుకుంటే అక్కడికక్కడ ఆపేస్తుంది, బలవంతం లేదు. మేము వాడింది మామూలు కొబ్బరినూనె. మా అత్తమ్మ ఆవనూనె మంచిదని పంపింది గానీ, పసిచర్మం మీది సహజమైన పొరను అది దెబ్బతీయొచ్చని డాక్టరమ్మ వద్దన్నది.

నీళ్లు పోసేటప్పుడు ఎడమ అరచెయ్యి బిడ్డ నొసటికి చూరులా అడ్డం పెడుతుంది. చెంబుతో పైనుంచి పోయదు. తన కుడిచేతి మీద పోసుకుని, ఆ చేతి మీదుగా జారనిస్తుంది. కంట్లోకి, ముక్కులోకి చుక్క పోదు. నీళ్ల వేడి మోచేతితో చూస్తుంది. మోచేతికి వెచ్చగా ఉందనిపిస్తే సరి, వేడిగా ఉందనిపిస్తే చల్లనీళ్లు కలపాలి. బకెట్లో ముందు చల్లనీళ్లు పోసి తర్వాత వేడినీళ్లు కలపమని మా అమ్మకు రోజూ చెప్పేది. పొరపాటున చెంబు ముంచినా కాలకుండా ఉండటానికి. నాకు అన్నింటికంటే నచ్చిన జాగ్రత్త ఇదే.

తుడవడం కూడా చూసి నేర్చుకోవాల్సిందే. ముందు తల. తర్వాత మెడ కింద వేలికి బట్ట చుట్టి, మడత విప్పి, లోపల అద్దుతుంది, రుద్దదు. పాలు కారి మెడ మడతలో చేరతాయి, అవి తడిగా ఉండిపోతే చర్మం ఎర్రగా ఒరుసుకుపోతుంది. చంకలు, చెవుల వెనుక, గజ్జలు, మోకాళ్ల వెనుక కూడా అట్లాగే. ఆడపిల్ల కాబట్టి కింద ముందు నుంచి వెనక్కే తుడవాలని ఎవరూ చెప్పకుండానే ఆమె అట్లా తుడిచింది. చలిలో మొత్తం నీళ్లు పోయడం ఐదు నిమిషాల్లో అయిపోయేది. వెంటనే టోపీ, బట్ట చుట్టి నా ఒళ్లో వేసేది. కడుపునిండా తాగి బిడ్డ హాయిగా పడుకునేది, ఆ గ్యాప్‌లో నాకు నీళ్లు పోసేది. తాగిన వెంటనే మాత్రం బిడ్డకు నీళ్లు పోయనివ్వకండి, కక్కుకుంటుంది.

ఇక వద్దని చెప్పాల్సినవి. మా పద్ధతి ఏంటంటే వాదన పెట్టుకోలేదు. "డాక్టరమ్మ వద్దన్నది అవ్వా, మళ్లీ చూపించడానికి పోతే నన్నే తిడుతది" అని చెప్పాం. పెద్దావిడకు తన చేతివాటాన్ని తప్పుపట్టినట్టు అనిపించదు, మన పని అవుతుంది.

మొదటిది ముక్కులో, చెవిలో నూనె. ముక్కులో చుక్క వేసి ఊదడం పాత అలవాటు. ఆ నూనె ఊపిరితిత్తుల్లోకి పోతే ఒక రకం నిమోనియా వస్తుంది, అది మామూలు మందులకు తొందరగా తగ్గదు. ముక్కు దిబ్బడ ఉంటే మందుల షాపులో దొరికే సెలైన్ చుక్కలు చాలు. చెవి బయట తుడిస్తే చాలు, లోపలి గులిమి దానంతటదే బయటికి వస్తుంది.

రెండోది బిడ్డ రొమ్ములు పిండటం. పుట్టిన కొన్ని రోజులకు పిల్లలకు, మగబిడ్డలకు కూడా, రొమ్ములు కొంచెం ఉబ్బి ఒక్కోసారి పాలలాంటివి కనిపిస్తాయి. తల్లి నుంచి వచ్చిన హార్మోన్ల వల్ల అది. దానంతటదే తగ్గుతుంది. పిండితే పుండై చీము పట్టొచ్చు. ఆడపిల్లకు మొదటి వారంలో కింద కొంచెం తెల్లగా, ఒక్కోసారి నెత్తురు చుక్కలా కనిపించినా కారణం అదే. మా అమ్మ అది చూసి ఏడ్చినంత పని చేసింది. ఈ సంగతి ముందే తెలిసి ఉంటే ఆ రాత్రి మా ఇంట్లో అంతా నిద్రపోయేవాళ్లం.

తల గుండ్రంగా రావాలని ఒత్తడం, ముక్కు సాగదీయడం, కాళ్లు పట్టుకుని తలకిందులుగా వేలాడదీయడం ఒక్కసారి కూడా చేయనివ్వకండి. కాన్పులో నొక్కుకున్న తల కొన్ని వారాల్లో దానంతటదే సర్దుకుంటుంది. మాడు మీద నూనె తడమటం వరకు పర్వాలేదు, ఒత్తకూడదు. ఏడాది, ఏడాదిన్నర వచ్చేసరికి మాడు కుదురుకుంటుంది. మా అవ్వ తలకిందులు చేసే రకం కాదు గానీ మా పిన్నివాళ్లింటికి వచ్చిన ఒకామె చేస్తుంటే ఇంటివాళ్లే ఆపారు.

ఊదు పొగ దగ్గర ఆమె తేలిగ్గా ఒప్పుకోలేదు. గంప కింద నిప్పులు పెట్టి, మీద సాంబ్రాణి చల్లి, బిడ్డను పొగ మీద తిప్పకపోతే నీళ్లు పోసినట్టే కాదని ఆమె నమ్మకం. తలుపులు మూసిన గదిలో బొగ్గుల పొగ పెద్దవాళ్లకే ప్రమాదం, పసిబిడ్డ ఊపిరితిత్తులు అది తట్టుకోలేవు. చివరికి కుదిరిన రాజీ: వాకిట్లోనే, నా తల ఆరబెట్టడానికి మాత్రమే ఊదు, అదీ బిడ్డను లోపల పడుకోబెట్టాక. కాటుక కూడా అంతే. కంటికి వద్దు, ఎందుకంటే కొన్ని కాటుకల్లో, సుర్మాల్లో సీసం ఉంటుంది, కన్నీటి దారి మూసుకుపోయి పుసులు కూడా పడతాయి. దిష్టి చుక్క అరికాలికి పెట్టుకోమన్నాం. ఆమె సంతోషంగా ఒప్పుకుంది, పెద్దగా, గుండ్రంగా పెట్టేది. పౌడర్ మేమే కొనలేదు. దాని దుమ్ము పీల్చడం బిడ్డకు మంచిది కాదు.

అంతలో సమ్మక్క జాతర వచ్చింది. రెండేండ్లకోసారి వచ్చే మేడారానికి పోకుండా ఆమె ఉండదు, ఉండమని నేనూ అడగలేదు. ఆ కొన్ని రోజులు మా అమ్మ పోసింది. తిరిగి వచ్చిన పొద్దున అవ్వ కొంగు ముడి విప్పి, గద్దెల దగ్గరి బంగారం తీసింది. మేడారంలో బెల్లాన్నే బంగారం అంటారు. చిటికెడంత బెల్లం వేలికి అంటించుకుని బిడ్డ నాలుక దగ్గరికి తెచ్చింది. నేను చెయ్యి పట్టుకున్నాను. "అవ్వా, ఆర్నెల్ల దాకా నా పాలు తప్ప ఏదీ వద్దన్నరు. తల్లి బంగారం కాబట్టి నొసటికి పెట్టు, నా నోట్ల వెయ్యి. నేను తింటే బిడ్డకు ముట్టినట్టే" అన్నాను. కాసేపు నా మొహం చూసింది. "గదీ నిజమే బిడ్డా, నీ పాలల్లనే పోతది" అని బిడ్డ నొసటికి అద్ది, మిగిలింది నా నోట్లో వేసింది. ఆ తర్వాత వస, కస్తూరి మాత్ర, వాము నీళ్లు, గ్రైప్ వాటర్ అన్నింటికీ అదే మాట పనికొచ్చింది.

బెల్లమైనా, చక్కెర నీళ్లయినా, మామూలు మంచినీళ్లయినా ఆర్నెల్ల లోపు బిడ్డకు అక్కర్లేదు. తల్లిపాలల్లో నూటికి 87, 88 వంతులు నీళ్లే. మన దగ్గర ఏప్రిల్, మే ఎండలకు కూడా బిడ్డ దాహం పాలతోనే తీరుతుంది, ఇంకొన్నిసార్లు పట్టాలి అంతే. తేనె ఏడాది నిండేదాకా వద్దు. అందులో ఒక్కోసారి ఉండే ఒక రకం సూక్ష్మజీవుల బీజాలు పసివాళ్ల పేగుల్లో పెరిగి, కండరాలు పడిపోయే జబ్బు తెస్తాయి. పాలు సరిపోతున్నాయా అని తెలుసుకోవడానికి బిడ్డ మూత్రం చూడండి: మొదటి వారం దాటాక రోజుకు ఆరుసార్లు, అంతకంటే ఎక్కువ పోస్తుంటే సరిపోతున్నట్టే. పుట్టిన మొదటి రోజుల్లో బరువు కొంచెం తగ్గడం మామూలే, రెండు వారాల లోపు పుట్టినప్పటి బరువుకు వస్తుంది.

బొడ్డు ఊడేదాకా మేము అవ్వను పిలవలేదు. అప్పటిదాకా తడిబట్టతో తుడిచాం. బొడ్డు మీద పసుపు, బూడిద, నూనె ఏదీ పెట్టొద్దు, గాలికి ఆరితే చాలు. చుట్టూ ఎర్రబడినా, చీము, వాసన వచ్చినా దవాఖానకే. రెండున్నర కిలోల కంటే తక్కువ బరువుతో పుట్టిన బిడ్డకు డాక్టర్ సరేననేదాకా నీళ్లు పోయించకండి, ఒంటి వేడి తొందరగా పోతుంది. అట్లాంటి బిడ్డకు తల్లి రొమ్ముకు ఆనించుకుని బట్ట కప్పుకోవడమే మంచిది.

ఆశమ్మ మా ఇంటికి వచ్చినరోజు అవ్వ కూడా ఉంది. దవాఖాన కాన్పు అయితే 3, 7, 14, 21, 28, 42వ రోజుల్లో ఆశా వర్కర్ ఇంటికి వచ్చి తల్లీబిడ్డలను చూడాలి, దీనికి మనం రూపాయి ఇవ్వక్కర్లేదు. రాకపోతే మనమే ఫోన్ చేసి పిలవాలి. ఆశమ్మ గుడ్డ ఉయ్యాల కట్టిన కాంటాలో బిడ్డ బరువు చూసింది. గడియారం పట్టుకుని పూర్తిగా ఒక నిమిషం ఊపిరి లెక్కపెట్టింది. బిడ్డ నిద్రలో ఉన్నప్పుడు లెక్కపెట్టాలనీ, నిమిషానికి 60, అంతకు మించి ఉంటే మరోసారి లెక్కపెట్టి, అప్పుడూ అంతే ఉంటే దవాఖానకు పోవాలనీ చెప్పింది. పక్కటెముకల కింద గుంట పడటం, పాలు తాగకపోవడం, ఒళ్లు చల్లబడి మత్తుగా ఉండటం, మూడు నెలల లోపు బిడ్డకు 100.4 డిగ్రీల జ్వరం, వీటిలో ఏది ఉన్నా ఆగొద్దంది. పసిరికలకు (కామెర్లకు) "పొద్దుటి ఎండ చూపిస్తే పోతది" అని అవ్వ అంటే, ఎండ వైద్యం కాదనీ, మొదటి రోజే పచ్చబడినా, అరచేతులు, అరికాళ్లు పచ్చబడినా వెంటనే దవాఖానకు పోవాలనీ, అవసరమైతే అక్కడ నీలిలైటు కింద పెడతారనీ ఆశమ్మ చెప్పింది. అవ్వ శ్రద్ధగా విన్నది. వారం తర్వాత వేరే ఇంట్లో అదే మాట చెప్పిందని తెలిసి నాకు చాలా సంతోషమైంది.

టీకాల గురించి ఒక్కటే. నెలా పదిహేను రోజులకు మొదటి పెంటా వేయించాక, తొడ మీద గడ్డలా ఉందని అవ్వ వేడి గుడ్డతో కాపబోయింది. సూది వేసిన చోట కాపకూడదు, నూనె రాయకూడదు, రుద్దకూడదు. చల్లటి తడిగుడ్డ వేస్తే చాలు. బీసీజీ వేసిన భుజం మీద కొన్ని వారాలకు పొక్కు లేచి చితికి మానుతుంది. దానిమీద పసుపు కూడా వద్దు. నీళ్లు పోసేటప్పుడు ఆ చెయ్యి పైకెత్తి పట్టుకోమన్నాం, ఆమె రోజూ గుర్తుపెట్టుకుంది.

ఇక తల్లి వంతు. నాది ఆపరేషన్ కాన్పు. కుట్లు మానాయని డాక్టరమ్మ చెప్పేదాకా పొట్టమీద వేడినీళ్లు కొట్టించుకోలేదు, నడికట్టు కూడా అడిగాకే కట్టుకున్నాను. నడుం మీద, భుజాల మీద అవ్వ పట్టే నూనె, పోసే వేడినీళ్లు మాత్రం పాలిచ్చి పాలిచ్చి పట్టేసిన ఒంటికి ప్రాణం పోస్తాయి. ఒక జాగ్రత్త ఉంది: ఒక్క కాలే వాచి, పిక్క నొప్పిగా, వెచ్చగా ఉంటే దాన్ని మర్దన చేయించుకోకండి. లోపల రక్తం గడ్డ కట్టి ఉండొచ్చు, ముందు డాక్టర్‌కు చూపించాలి. బాలింత నీళ్లు తక్కువ తాగాలని అవ్వ అనేది, నేను వినలేదు. ఉత్త వెల్లిపాయ కారంతో అన్నం తిని ఉండమనడమూ వినలేదు. పప్పు, ఆకుకూర, గుడ్డు అన్నీ తిన్నాను. పాలిచ్చే తల్లికి ఆకలి, దాహం ఎంతుంటే అంత తినాలి, తాగాలి.

ఆమెలో నాకు ఇబ్బంది అనిపించింది వేళ. పొద్దున వేరే ఇళ్లు చూసుకుని వస్తుంది కాబట్టి పదికి అంటే పన్నెండు కావొచ్చు, కాగిన నీళ్లు చల్లారి మళ్లీ కాగబెట్టాలి. ఇంకోటి, మూడిళ్లు తిరిగి వచ్చిన చేతులు. మేము గేటు పక్క నల్లా దగ్గరే సబ్బు పెట్టాం. మోచేతుల దాకా కడిగి, గాజులు పైకి జరిపి, ఉంగరం తీసి చీర కొంగుకు కట్టుకున్నాకే బిడ్డను ముట్టేది. గోళ్లు వారానికోసారి మా అమ్మే తీసేది. దగ్గు వచ్చిన రోజు రావొద్దనీ, ఆ రోజు డబ్బు కూడా ఇస్తామనీ ముందే చెప్పాం. అది చెప్పకపోతే పాపం డబ్బు పోతుందని జ్వరంతోనైనా వస్తారు.

ఐదుకు నాలుగిస్తాను. తక్కువ బరువు బిడ్డలున్నవాళ్లు, బిడ్డకు ఒంటిమీద పొక్కులు, గజ్జి ఉన్నవాళ్లు డాక్టర్‌ను అడిగాకే పిలవండి. మిగతావాళ్లు తొమ్మిదో నెల పడగానే ఇంటికి పోయి మాట్లాడుకోండి, ముందు చెప్పినవాళ్లకే పొద్దుటి వేళ దొరుకుతుంది. మొదటి పదిరోజులు బిడ్డ నాన్నను పక్కన కూర్చోబెట్టండి. మా ఆయన అట్లా కూర్చుని చూసే నేర్చుకున్నాడు, ఆమె మానేసినప్పటి నుంచి ఆదివారాలు ఆయనే కాళ్లు చాపి పీట మీద కూర్చుని పోస్తున్నాడు.